కడప బండ మీద అయస్కాంతాల మోటారు: మూడు నెలల డైరీ

జనవరి 19, ఆదివారం

మొదటి బండ పగిలింది. మోటారుకు అడుగున పెట్టడానికి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న కడప బండ ఒకటి తెచ్చి, హామర్ డ్రిల్లుతో నాలుగు బెజ్జాలు వేద్దామని కూర్చున్నా. రెండో బెజ్జానికి పొర లేచింది. మూడోదానికి నిలువునా చీలింది. నాపరాయి పొరలు పొరలుగా విడుస్తుందని పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, అయినా బుద్ధి రాలేదు. వీధి చివర బండలు పరుస్తున్న మేస్త్రీని అడిగితే, "హామర్ ఆపేసి, నీళ్లు పోస్తా నిదానంగా తిప్పు అబ్బీ" అన్నాడు. రెండో బండకు అట్లాగే చేశాను. నాలుగు బెజ్జాలకు గంటన్నర పట్టింది.

చెక్క పెట్టుకోకుండా ఈ పాట్లెందుకని మామ అడిగాడు. చెక్క వణుకుతుంది. ఇనుప ప్లేటయితే అయస్కాంతాలు దాన్నే లాగుతుంటాయి. అల్యూమినియాన్ని లాగవు కానీ, దాని పక్కన అయస్కాంతం వేగంగా కదిలితే అందులో సుడి కరెంట్లు పుట్టి బ్రేకు వేస్తాయి. బండకు ఈ రోగాలేవీ లేవు. పన్నెండు కిలోలు దాటిన బరువు, పెట్టిన చోట నుంచి కదలదు.

చేస్తున్నదేమిటో ఇవాళే రాసిపెట్టుకోవాలి, రేపు నేనే మాట మార్చకుండా. కరెంటు లేకుండా ఒట్టి అయస్కాంతాలతో తిరిగే మోటారు వీడియోలు ఫోన్లో లెక్కలేనన్ని చూశాను. అట్లా తిరగవని డిప్లొమా చదివినవాడిగా నాకు తెలుసు. తెలియడం వేరు, అది ఎక్కడ ఆగిపోతుందో చేత్తో పట్టుకుని చూడటం వేరు. ముందు అలాంటిదే చేస్తా. ఆగాక దానికే కాయిల్ పెట్టి, బ్యాటరీతో తిప్పి, ఎంత తిన్నది, ఎంత ఇచ్చింది కొలుస్తా.

జనవరి 26, ఆదివారం

రోటరు తయారైంది. 12 ఎంఎం ప్లైవుడ్ ముక్కలు రెండు అతికించి, లేత్ భాయ్ దగ్గర 20 సెంటీమీటర్ల చక్రంగా కోయించాను. అంచులో ఎనిమిది గుంటలు. ఒక్కోదాంట్లో 20 ఎంఎం వెడల్పు, 10 ఎంఎం మందం ఉన్న నియోడిమియం బిళ్ల పడుతుంది. ఇప్పటికి ఒక్క బిళ్లే పెట్టాను, ఎదురుగా బ్యాలెన్సుకు సీసం ముక్క.

బిళ్లలు తెచ్చిన సంచీని లేత్ పక్కన పెట్టడం నా తప్పు. ఎనిమిదింటికీ ఇనుప రజను గడ్డాల్లా మొలిచింది. గుడ్డతో తుడిస్తే ఇటుది అటు పోతుంది తప్ప ఊడదు. చివరికి అమ్మ చపాతీలకు కలిపిన పిండిలోంచి నిమ్మకాయంత ముద్ద దొంగిలించి, అద్ది అద్ది తీశాను. నల్లటి ముద్ద చూసి అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయను.

బేరింగులు 608 నంబరువి. కొత్తవాటిలో గ్రీజు బిగుతుగా ఉంటుంది. రేకులు తీసి పెట్రోల్లో కడిగి, కుట్టు మిషన్ నూనె ఒక్కో చుక్క వేశాను. దారం చుట్టి లాగి, 300 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 300 చుట్ల దగ్గర వదిలి, ఆగేదాకా సెకన్లు లెక్కపెట్టాను. కడగకముందు 31, కడిగాక 94. ఇక ఏ మార్పు చేసినా ముందు ఈ పరీక్షే.

ఫిబ్రవరి 2, ఆదివారం

చక్రం చుట్టూ నత్త గుల్ల ఆకారంలో చెక్క గోడ కట్టి, దాని మీద బిళ్లలు వరసగా బిగించాను. ఒక చివర రోటరుకు 8 ఎంఎం దూరం, పోనుపోను ఎడం పెరిగి ఇంకో చివర 45. అన్నీ రోటరు బిళ్లను నెట్టే వైపు తిప్పి పెట్టాను. దగ్గర నుంచి దూరానికి నెట్టుకుంటూ పోతుందనేది ఆశ.

పోతుంది కూడా! వదిలిన వెంటనే చక్రం ముప్పావు చుట్టు ఎంత ఊపుగా పోయిందంటే, గుండె ఒక్క క్షణం ఆగింది. తర్వాత నత్త గుల్ల నోటి దగ్గరికొచ్చి, మళ్లీ 8 ఎంఎం మొదలయ్యే చోట ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగి, వెనక్కి తిరిగి, నాలుగైదు ఊగులు ఊగి నిలబడింది. ఇరవై సార్లు వదిలాను. ఇరవై సార్లూ అక్కడే.

ఫోన్లో వీడియోలు తీసేవాళ్ల కిటుకు నాకు ఇవాళ అర్థమైంది. ఆ ముప్పావు చుట్టు మాత్రమే చూపించి కోసేస్తే చాలు, చూసేవాడు మిగతా పావు చుట్టును తనే నమ్మేసుకుంటాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ్టి పనే మొత్తం ప్రాజెక్టులో నాకు ఎక్కువ నచ్చింది.

చక్రం అంచుకు దారం కట్టి, ఆ దారాన్ని లగేజీ తూచే డిజిటల్ కాటాకు తగిలించాను. చక్రం మీద పది డిగ్రీలకొక గీత, మొత్తం 36. ఒక్కో గీత దగ్గర చక్రాన్ని నిలబెట్టి, అది ఎటు లాగుతోంది, ఎన్ని గ్రాములతో లాగుతోంది రాసుకుంటూ పోయాను. ఉదయం టిఫిన్ తిని మొదలుపెడితే మధ్యాహ్నం సంగటి ముద్ద ముందు కూర్చునేసరికి రెండయింది. నోటు పుస్తకంలో రెండు నిలువు వరసలు: ముందుకు, వెనక్కి.

ముందుకు తోసిన చోట్లు 28. అన్నీ చిన్న అంకెలే: 60, 90, 110, 130. వెనక్కి తోసిన చోట్లు ఏడే, కానీ అందులో ఒకటి 820 గ్రాములు. ఒక్క చోట సున్నా. కూడితే ముందుకు 2,940, వెనక్కి 3,010.

కూడిక మూడు సార్లు చేశాను. తేడా 70 గ్రాములు, అదీ వెనక్కే. 36 చోట్లకు పంచితే తలా రెండు గ్రాములు, అంటే బేరింగు రాపిడంత. నా కాటా 10 గ్రాముల మెట్లలో చూపిస్తుంది కాబట్టి ఈ 70ని పట్టుకుని వాదించే పని లేదు. పది డిగ్రీలంటే అంచు దగ్గర 1.75 సెంటీమీటర్ల దూరం. ఆ లెక్కన ముందుకు వచ్చిన పని సుమారు అర జౌలు, వెనక్కి పోయింది కూడా అర జౌలే.

సాయంత్రం మామకు గువ్వలచెరువు ఘాటుతో చెప్పాను. రాయచోటి నుంచి కడపకు వచ్చేటప్పుడు బండి న్యూట్రల్లో పెట్టినా ఘాటు దిగిపోతుంది. పెట్రోలు లేకుండా వచ్చామని సంబరపడొచ్చు. మళ్లీ రాయచోటికి పోవాలంటే అదే ఎత్తు ఎక్కాలి. నా చక్రం 28 మలుపులు మెల్లగా దిగి, ఏడు మలుపుల్లో నిటారుగా ఎక్కాలి. దారి వాలు ఎట్లా మార్చినా, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి కాబట్టి దిగినంతా ఎక్కాల్సిందే.

"అంటే బిళ్లలో శక్తి లేదా?" అన్నాడు మామ. ఉంది, కానీ అది ట్యాంకులో పెట్రోలు లాంటిది కాదు. ఈ సైజు బిళ్లలో దాచిన మొత్తం శక్తి ఒక జౌలు కూడా ఉండదు. ఒక వాట్ ఎల్‌ఈడీని ఒక్క సెకను కూడా వెలిగించలేదు.

ఫిబ్రవరి 12, రాత్రి

ఆ ఏడు మలుపుల దగ్గర ఇనుప రేకు అడ్డం పెట్టి, అయస్కాంతాన్ని మరుగు చేస్తే? అందరికీ వచ్చే ఆలోచనే, నాకూ వచ్చింది. నూనె డబ్బా రేకు కోసి పెట్టాను. గోడ నెట్టడం తగ్గింది నిజమే, కానీ ఇప్పుడు రోటరు బిళ్ల ఆ రేకునే పట్టుకుని వదలడం లేదు. రేకును సమయానికి పక్కకు లాగే ఏర్పాటు చేయొచ్చు. ఆ లాగడానికి ఎంత బలం కావాలో కాటా పెట్టి చూశాక దీపం ఆర్పి పడుకున్నా.

ఈ ఆశ నా ఒక్కడిది కాదులే. తనంతట తను తిరిగే పాదరసం చక్రం గురించి భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలోనే రాశాడు. యూరప్‌లో 1269లో ఒకాయన అచ్చంగా అయస్కాంతాలతోనే చక్రం గీశాడు. 1775లో పారిస్ సైన్స్ అకాడమీ వాళ్లకు విసుగొచ్చి, ఇకమీదట ఇలాంటి యంత్రాల అర్జీలు పరిశీలించేది లేదని తేల్చేసింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

నత్త గుల్ల గోడ పీకేశాను. రోటరులో ఎనిమిది బిళ్లలూ దించాను, అన్నిటికీ ఉత్తర ధ్రువం బయటికి. ఎదురుగా కాయిల్ ఒకటి. బిళ్ల కాయిల్‌ను దాటిన క్షణంలో చిన్న కరెంటు దెబ్బ కొట్టి దాన్ని ముందుకు నెట్టాలి.

కాయిల్ మామ రివైండింగ్ షాపులోనే చుట్టాం. 24 గేజి ఎనామిల్ తీగ, 400 చుట్లు, వంద గ్రాముల రాగి. బోరు మోటార్లు కుప్పగా పడున్న చోట చేతి మిషన్ మీద ఈ చిన్న బాబిన్ పెట్టి తిప్పుతూ, "పది హెచ్‌పీ మోటార్లు చుట్టే చేత్తో బొమ్మలు చుట్టిస్తాండావ్ గదరా" అన్నాడు. అంటూనే ప్రతి పొర మధ్య కాగితం పెట్టాడు, చుట్టు మీద చుట్టు ఎక్కనివ్వలేదు. మీటరు పెడితే 3.1 ఓమ్స్. నా లెక్కలో వచ్చిందీ అంతే.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొగ.

బిళ్ల వచ్చిందని కనిపెట్టడానికి ఏ3144 హాల్ సెన్సర్, కాయిల్‌కు కరెంటు ఇవ్వడానికి ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్. సెన్సర్ అసలు పలకలేదు. అది దక్షిణ ధ్రువం అక్షరాలున్న ముఖం వైపు వస్తేనే పలుకుతుంది, నా బిళ్లలన్నీ ఉత్తరం చూపిస్తున్నాయి. సెన్సర్‌ను వెనక్కి తిప్పి పెట్టాను, పలికింది. ఆ సంతోషంలో అసలు తప్పు చూసుకోలేదు. ఈ సెన్సర్ బిళ్ల కనిపిస్తే అవుట్‌పుట్‌ను కిందికి లాగుతుంది, కనిపించకపోతే రెసిస్టర్ దాన్ని పైకి లాగి ఉంచుతుంది. నేను దాన్ని నేరుగా మాస్‌ఫెట్‌ను ఆన్ చేసే కాలుకు, అంటే గేటుకు ఇచ్చాను. అంటే బిళ్ల లేనంతసేపూ కాయిల్ ఆన్, బిళ్ల వచ్చినప్పుడు ఆఫ్. పన్నెండు వోల్టులు, 3.1 ఓమ్స్, దగ్గర దగ్గర నాలుగు ఆంపియర్లు, 46 వాట్లు. అరచేతిలో పట్టే కాయిల్‌లో అంత వేడి. రోటరు తిరగలేదు, నేను స్విచ్చు వెతుక్కునేలోపు వార్నిష్ కమురు వాసన మెట్ల దాకా వచ్చింది.

మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి పెట్టి సెన్సర్ అవుట్‌పుట్‌ను తలకిందులు చేశాను. రాత్రి తొమ్మిదిన్నరకు వేలితో చిన్న తోపు ఇస్తే అందుకుంది. తిరుగుతూనే ఉంది! అమ్మను పైకి పిలిచి చూపించాను. "ఫ్యానుకు గాలన్నా వస్తుంది" అని దిగిపోయింది.

ఫిబ్రవరి 24

మాస్‌ఫెట్ చచ్చింది. కాయిల్ ఆపిన ప్రతిసారీ అది ఎదురు తన్నే వోల్టేజీకి దారి ఇవ్వలేదు నేను. ఈ మాస్‌ఫెట్ ఓపిక 55 వోల్టులే. డయోడ్ పెట్టి, 100 వోల్టుల ఐఆర్‌ఎఫ్540ఎన్ వేశాను.

మార్చి 9, ఆదివారం

కాయిల్ మధ్యలో ఇనుము పెట్టాలా వద్దా? పెడితే దెబ్బ గట్టిగా పడుతుంది, కానీ కరెంటు లేనప్పుడు కూడా బిళ్లలు ఆ ఇనుమును పట్టుకుని వేలాడతాయి. కరెంటు తీసేసి పాత సెకన్ల పరీక్షే పెట్టాను, 300 నుంచి ఆగేదాకా. ఒట్టి కాయిల్‌తో 92. మధ్యలో పది ఎంఎం బోల్టు దూరిస్తే 41. అంత లావు ఇనుము ముద్దలో సుడి కరెంట్లు చెలరేగుతాయి, ట్రాన్స్‌ఫార్మరును రేకులు పేర్చి కట్టేది అందుకే. నేను పై పూత రాలగొట్టిన వెల్డింగ్ రాడ్లను ముక్కలు కోసి, ఒక్కోదానికి వార్నిష్ పూసి కట్టగా దూర్చాను. 63.

రాడ్ల కట్టే ఖాయం. తర్వాత సెన్సర్‌తో కుస్తీ. దాన్ని ఒక పట్టీ మీద బిగించి, తిరుగుతుండగానే మిల్లీమీటరు మిల్లీమీటరు జరిపాను. మొదట పెట్టిన చోట 1.05 ఆంపియర్లు తాగి 820 ఆర్‌పీఎం. బిళ్ల కాయిల్‌ను పూర్తిగా దాటకముందే దెబ్బ పడుతోంది, అంటే వచ్చే బిళ్లను కూడా వెనక్కి నెడుతున్నా. ఆరు మిల్లీమీటర్లు జరిపి, సెన్సర్‌ను చక్రానికి కాస్త దూరం చేస్తే కరెంటు ఉండే సమయం కుదించుకుపోయింది. 0.41 ఆంపియర్లు, 1150 ఆర్‌పీఎం. తిండి సగం కన్నా తగ్గి, పరుగు పెరిగింది. ఏ సర్క్యూటూ మార్చలేదు.

మార్చి 16, ఆదివారం

బిళ్ల ఒకటి ఊడి ఎగిరింది. ఫట్ మని చప్పుడు, బండ అదిరింది, చక్రం పిచ్చిపట్టినట్టు ఊగి కాయిల్‌ను గీరింది. నేను వంగి సెన్సర్ చూసి అప్పుడే లేచాను. గదంతా వెతికితే లేదు. తీరా చూస్తే పాత బీరువా తలుపుకు, సరిగ్గా నా ఛాతీ ఎత్తులో అతుక్కుని ఉంది. అంచు పెచ్చు లేచింది.

24 గ్రాముల బిళ్లే కదా అనుకుంటాం. 1150 ఆర్‌పీఎం దగ్గర అది మూడు కిలోల పైచిలుకు బలంతో బయటికి లాగుతుంది. వేగం రెట్టింపయితే ఆ లాగుడు నాలుగు రెట్లు. దాన్ని ఒక్క జిగురు నమ్మి వదిలాను, పైగా మధ్యాహ్నం రెండింటికి, రేకుల కప్పు కింద. ఇక్కడ మార్చిలోనే గది ఎట్లా కాలుతుందో చెప్పక్కర్లేదు. మామూలు నియోడిమియం బిళ్లకు 80 డిగ్రీలు హద్దు, జిగురు అంతకన్నా ముందే మెత్తబడుతుంది.

ఇక నుంచి సాయంత్రం ఐదు దాటాకే. చుట్టూ ప్లైవుడ్ కంచె లేకుండా స్విచ్చు వెయ్యను.

మార్చి 30, ఉగాది

లేత్ భాయ్ పొద్దున దేవుని కడప పోయి వెంకన్నను చూసుకుని, అటు నుంచి అటే మా ఇంటికొచ్చాడు. ఉగాదికి ఆ గుళ్లో ముస్లింల బారు ఎంత ఉంటుందో కడపలో అందరికీ తెలిసిందే. అమ్మ పచ్చడి గిన్నె చేతిలో పెట్టింది, వేపపువ్వు ఎక్కువైందని మొహం మాడ్చుకుంటూనే రోటరును తిప్పి తిప్పి చూశాడు. "జిగురుతో ఆగేదా ఇది? గాడి తీస్తా, దారం చుట్టు" అన్నాడు. పండగ పూట షాపు తెరిచి, బిళ్లల మీదుగా చక్రం అంచు చుట్టూ సన్నని గాడి తీసిచ్చాడు. చేపలు పట్టే నైలాన్ దారం అందులో బిగువుగా ముప్పై చుట్లు చుట్టి, పైన రెండు ట్యూబుల జిగురు పూశాను. డబ్బులు తీసుకోలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

లెక్క తేల్చే రోజు.

కాయిల్ ఆపినప్పుడు తన్నే కరెంటును ఊరికే పోనివ్వకుండా, యూఎఫ్4007 డయోడ్ గుండా రెండో బ్యాటరీలోకి మళ్లించాను. మామూలు 1ఎన్4007 కన్నా ఇది వేగమైనది. రెండూ పాత యూపీఎస్ బ్యాటరీలే, 12 వోల్టులు, 7 ఏహెచ్. ఇన్‌పుట్ వైపు 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. ముక్కలు ముక్కలుగా వచ్చే కరెంటును మామూలు మల్టీమీటర్‌తో నేరుగా కొలిస్తే అది నోటికొచ్చింది చెబుతుంది.

తిన్నది: 12.3 వోల్టులు, 0.41 ఆంపియర్లు, 5 వాట్లు. రెండో బ్యాటరీకి చేరింది: 12.9 వోల్టులు, 0.11 ఆంపియర్లు, 1.4 వాట్లు. ఐదు గంటలు తిప్పాను.

ఆపేసరికి రెండో బ్యాటరీ 12.6 చూపించింది. మామ కళ్లు పెద్దవయ్యాయి. "నిండిపోయిందిరా!" నిండలేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ కాస్త ఛార్జి పెట్టి అప్పుడే చూస్తే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. మొదలుపెట్టే ముందు దాన్ని పది వాట్ల బైకు బల్బుతో 11.8 దాకా ఖాళీ చేసి ఉంచాను. ఇప్పుడు అదే బల్బు మళ్లీ తగిలించి గడియారం చూశాం. 27 నిమిషాలకు 11.8. అంటే నాలుగున్నర వాట్ అవర్లు. ఐదు గంటల్లో మొదటి బ్యాటరీ ఇచ్చింది 25.

షాఫ్టు మీద ఎంత బలం ఉందో కూడా చూశాను. రెండు సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చిన్న కప్పీకి దారం వేసి, రెండు చివరలా కాటాలు తగిలించి, బిగించుకుంటూ పోయాను. 900 ఆర్‌పీఎం దగ్గర రెండు కాటాల మధ్య తేడా 60 గ్రాములు. లెక్క కడితే 1.1 వాట్లు. ఆ సమయంలో తిండి 5.8 వాట్లు. రెండో బ్యాటరీకి మళ్లింది పోను, మిగిలిందంతా కాయిల్ వేడి, రాడ్ల కట్ట, బేరింగు, గాలి.

మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి అయస్కాంతం ఫ్యాన్లకు కరెంటు తక్కువంటారే?" అన్నాడు. అది నిజమే. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తాగే చోట బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది. రోటరులో అయస్కాంత క్షేత్రం పుట్టించడానికి కరెంటు ఖర్చు పెట్టే పని బిళ్లలు తప్పిస్తాయి. అంతవరకే వాటి సాయం, తిప్పే పని కరెంటుదే. నా మోటారు కూడా వరసకు ఆ ఫ్యాను చిన్న తమ్ముడే, కాకపోతే ఒంటి కాయిల్ వాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

మోటారును షాపుకు తెమ్మని మామ ఒకటే పోరు. బండతో సహా ఆటోలో వేసుకుని పోయాను. బోరు మోటారు కాలిపోయి రివైండింగుకు తెచ్చిన ఒక పెద్దాయన అక్కడ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కంచె లోపల చక్రం తిరుగుతుంటే దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"కరెంటు లేకుండా తిరుగుతాందా?"

"లేదు పెద్దాయనా, బ్యాటరీ ఉంది."

"అయితే ఏం లాభం?"

నేను 36 గీతల సంగతి మొదలుపెట్టబోయాను. ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు. "మాకు కరెంటు ఊరికే ఇస్తాండారు గానీ, బోర్లో నీళ్లే లేవు. నీళ్లు లేక ఒట్టిగా తిరిగి మోటారు కాలిపోయింది. నీళ్లు పుట్టించే మిషనేమన్నా ఉంటే చెయ్యి అబ్బీ, నేనే ముందు కొంటా."

మామ పకపకా నవ్వి ఆయన మోటారు విప్పడం మొదలుపెట్టాడు. నేను స్విచ్చు ఆపాను. పెద్దాయన బల్ల దగ్గరికి వెళ్లలేదు, చక్రం నెమ్మదించి, బిళ్ల బిళ్లకూ తడబడి, చివరి బిళ్ల రాడ్ల ఎదుట ఇటూ అటూ ఊగి నిలబడేదాకా చూస్తూ ఉండిపోయాడు. అలవాటు కొద్దీ నేను లెక్కపెట్టాను. రెండు నిమిషాల పదకొండు సెకన్లు.